నీటి చుక్కకి పర్మిట్

రిటైరవడానికి ఇంకా మూడేళ్లున్నాయనగా, ఒక డిసెంబర్ మొదటి వారంలో, జగ్గయ్యపేట దగ్గరి 132 కేవీ సబ్‌స్టేషన్‌కి ప్రత్యేక తనిఖీ కోసం నన్ను వేశారు. అప్పటికి నేను నందిగామలో ఎంఆర్‌టి ఏఈని. ఎంఆర్‌టి అంటే మీటర్లు, రిలేలు, టెస్టింగ్. కరెంటు వాళ్లలో స్తంభాలెక్కే వాళ్లుంటారు, బిల్లులిచ్చే వాళ్లుంటారు. మేం ఆ రెండూ కాదు. ఏదైనా పరికరం మాట వినకపోతే పెట్టెలో సామాను పెట్టుకుని వెళ్లి, దానికేమైందో కాగితం మీద రాసి సంతకం పెట్టే వాళ్లం. ఆ సంతకం మీద మిగతా శాఖంతా నడుస్తుంది. ఈ సంగతి నాకు తెలుసనే అనుకునేదాన్ని.

కంప్లయింటు చిన్నదే. ఆ సబ్‌స్టేషన్ నుంచి ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లే 33 కేవీ లైను తెల్లవారుజామున ట్రిప్ అవుతోంది, అంటే అందులో కరెంటు దానంతటదే ఆగిపోతోంది. మంచు బాగా పడిన రోజుల్లోనే ఇలా అవుతోంది. పొద్దెక్కాక లైను మళ్లీ ఇస్తే సాయంత్రం దాకా బుద్ధిగా ఉంటుంది.

ఆ లైను యార్డులోకి దిగే చోట, రెండు నిలువుల ఎత్తు ఇనప చట్రం మీద పింగాణీ ఇన్సులేటర్లు నిలబెట్టి ఉంటాయి. తీగలో ఉన్న ముప్పై మూడు వేల వోల్టులు చట్రంలోకి దిగకుండా ఆపేవి ఇవే. పొడి పింగాణీ కరెంటుని పోనివ్వదు. మా వైపు గాలిలో సిమెంటు దుమ్ముంటుంది, అది పింగాణీ మీద పేరుకుంటుంది, దాని మీద మంచు పడితే పైనుంచి కిందికి తడి దారి ఏర్పడుతుంది. కరెంటుకి ఆ దారి చాలు. అందుకని అంతకు ముందెప్పుడో వాటికి సిలికాన్ పూత వేయించారు. ఆ పూత మీద నీళ్లు చామాకు మీద నిలిచినట్టే నిలుస్తాయి. ఏ చుక్కకా చుక్క గుండ్రంగా, విడివిడిగా. చుక్కకీ చుక్కకీ మధ్య పొడిగా ఉన్నంతసేపు దారి లేనట్టే.

డివిజన్‌కి పెద్ద డీఈ రంగనాథం గారు. పనిమంతులు. ఏ తప్పుకైనా ఒక మనిషి పేరుండాలని ఆయన నమ్మకం. ఈ తప్పుకి ఆయన అప్పటికే పేరు పెట్టేశారు: ప్రకాశం.

ప్రకాశం ఆ సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే షిఫ్ట్ ఆపరేటర్. కంచికచర్ల మనిషి. తొమ్మిదేళ్లుగా అదే కంట్రోల్ రూంలో, అదే ప్యానెల్ ముందు కూర్చుంటున్నాడు. తెల్లవారే షిఫ్ట్ ఎక్కువగా అతనిదే, మిగతా వాళ్లకి పొద్దున్నే లేవడం కష్టం కాబట్టి. అందువల్ల ట్రిప్పులన్నీ అతని పేరు మీదే నమోదయ్యాయి. ఇన్సులేటర్లు తుడిపించకుండానే తుడిపించినట్టు రిజిస్టర్‌లో సంతకం చేస్తున్నాడని డీఈ గారి అనుమానం. కాంట్రాక్టు డిసెంబర్ ఆఖరుతో అయిపోతుంది. మళ్లీ రాయాలా వద్దా అన్నది నా తనిఖీ మీద ఉంది. అతని ఇంటికి ఆ కుర్చీయే ఆధారం.

ప్రకాశం అప్పటికే ఒక సంజాయిషీ రాసిచ్చాడు. అందులో ఒక వాక్యం: ‘లైనులో కరెంటు ఉన్నప్పుడు మంచు చుక్కలు పడుకుంటున్నవి, లైను పోగానే లేచి కూర్చుంటున్నవి, ఇది నేను కళ్లారా చూచితిని.’ దాని పక్కన డీఈ గారు ఎర్ర పెన్నుతో ఇలా రాశారు: ‘పడుకున్నది చుక్కలా, నువ్వా?’

నేనూ అది చదివి నవ్వాను. ఆ మాట దాచను.

తనిఖీ పద్ధతి ఇది. మొదట ఎల్‌సి తీసుకోవాలి. ఎల్‌సి అంటే లైను ఆపి, ఎర్తు చేసి, ఇప్పుడు ముట్టుకోవచ్చని రాసిచ్చే కాగితం. అది చేతిలో లేకుండా ఎవరూ నిచ్చెన మీద కాలు పెట్టకూడదు. తర్వాత ఇన్సులేటర్ మీద స్ప్రే సీసాతో నీళ్లు కొట్టి చుక్కలు ఎలా నిలిచాయో చూసి తరగతి వేయాలి. తరగతులు ఏడు. ఒకటి అంటే ముత్యాల్లాంటి చుక్కలు. ఏడు అంటే అంతా ఒకటే నీటి పొర. ఐదు దాటితే పూత చెడినట్టు.

శాఖ ఇవ్వాల్సిన స్ప్రే సీసా రాలేదు. ఇండెంటు పెట్టి చాన్నాళ్లయింది. నాతో వచ్చిన లైన్ ఇన్‌స్పెక్టర్ కోటయ్య, “సీసాదేముంది మేడం గారండీ, నీళ్లు కొట్టడమే కదా” అని నందిగామ సెంటర్లో తను గడ్డం చేయించుకునే సెలూన్ నుంచి ఒకటి పట్టుకొచ్చాడు. ఎరుపు రంగు సీసా, మూత మీద చిన్న మీట. నేను నిచ్చెన ఎక్కి కొట్టాను. నీళ్లు చుక్కలు కట్టలేదు. పల్చగా పరుచుకుని జారిపోయాయి. మూడు ఇన్సులేటర్లూ అంతే. ఆరో తరగతి వేశాను. ‘పూత పనిచేయుట లేదు. నిర్వహణ లోపము కావచ్చును’ అని రాసి సంతకం పెట్టాను.

సాయంత్రానికి ఆ కాగితం డివిజన్ వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద డీఈ గారు నమస్కారం బొమ్మ పెట్టారు. మర్నాడు ప్రకాశానికి మెమో వెళ్లింది, నా రిపోర్టు జత చేసి.

రెండు రోజుల తర్వాత ప్రకాశం నందిగామ ఆఫీసుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గొడవ పడతాడనుకున్నా. మెల్లగా అన్నాడు: “మీరు రాసిన కాగితంలో నా పేరు ఎక్కడా లేదండి మేడమ్. కానీ తగిలింది నాకేనండి.”

నేను చూసింది రాశానని చెప్పాను.

“మీరు చూసిందాంట్లో అబద్ధం లేదు మేడమ్. నేను చూసిందాంట్లో కూడా లేదండి” అని నమస్కారం పెట్టి వెళ్లాడు.

నాకు పదో తరగతి దాకా చదువు ఇంట్లోనే. చిన్నప్పుడు కాలు బాగుండేది కాదు, బడి దూరం. పెనుగంచిప్రోలు వైపు ఒక ఊళ్లో మా నాన్నగారు పంతులు. ఇంటికొచ్చాక అరుగు మీద నాకొక్కదానికే బడి పెట్టేవారు. లెక్క తప్పొస్తే చేసిన లెక్క జోలికి పోకుండా, ముందు పలకని వేళ్లతో రుద్ది చూడమనేవారు. పాత గీత మిగిలి ఉంటే అది అంకెలా కనపడుతుందని. ఆ చదువు ఇచ్చినందుకు దేవుడికీ ఆయనకీ ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో లెక్క లేదు. ఆ రోజు సాయంత్రం ప్రార్థన చేసుకుంటుంటే ప్రకాశం మాటే మనసులో మెదిలింది. మోకాళ్ల మీద నుంచి లేచి, కిట్ బ్యాగులోంచి ఆ ఎర్ర సీసా తీసి, పెరట్లో చామాకు మీద కొట్టాను.

చామాకు తడిసిపోయింది.

చామాకు తడవడం నా జన్మలో చూడలేదు. వాన పడ్డా, బిందెడు నీళ్లు పోసినా దాని మీద చుక్కలు దొర్లిపోవాల్సిందే. ఇప్పుడది మామూలు ఆకులా నీళ్లు కప్పుకుని వాలిపోయింది. సీసా మూత తీసి వాసన చూశాను. మల్లెపూల వాసన.

మర్నాడు పొద్దున్నే కోటయ్యని వెంటబెట్టుకుని సెలూన్‌కి వెళ్లాను. ఆడమనిషి సెలూన్ మెట్లెక్కేసరికి లోపల గడ్డానికి నురగ పట్టించుకున్నాయన లేచి నిలబడ్డాడు. సీసాలో ఏముందని యజమానినడిగాను.

“నీళ్లేనమ్మా.”

“ఉత్త నీళ్లేనా?”

“వాసనకి కొంచెం షాంపూ వేస్తామమ్మా. దువ్వెన సాఫీగా పోద్ది.”

“కొంచెం అంటే ఎంత?”

“జుట్టుని బట్టండీ” అన్నాడాయన. తర్వాత కోటయ్య నెత్తి వైపు చూసి, “ఈయనకైతే అసలెయ్యం” అన్నాడు. కోటయ్యకి జుట్టు లేదు.

సబ్బు కలిసిన నీరు దేని మీదైనా పరుచుకుంటుంది. దానికి చుక్కగా నిలబడే సత్తువ ఉండదు. అంటే నేను పరీక్ష చేసింది పూతని కాదు, షాంపూని. ఒక మనిషి ఉద్యోగానికి షాంపూ నీళ్లతో ఆరో తరగతి వేశాను.

డీఈ గారి దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి, రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన కోప్పడలేదు. నన్ను చూసి జాలి పడ్డారు. “ఏఈ గారూ, రిపోర్టు ఇవ్వడానికి పద్ధతి ఉంది కానీ వెనక్కి తీసుకోడానికి లేదండి. కావాలంటే ఇంకోటి ఇవ్వండి” అన్నారు. రెండో తనిఖీకి తనే స్వయంగా వస్తానన్నారు.

డీఈ వస్తున్నారంటే యార్డులో ఏం జరుగుతుందో సబ్‌స్టేషన్లలో పనిచేసిన వాళ్లకి చెప్పక్కర్లేదు. గేటుకి రంగు వేశారు. దారి పక్క రాళ్లకి సున్నం కొట్టారు. ఇన్సులేటర్లని పొడిగుడ్డతో అద్దాల్లా తుడిచారు. మధ్యాహ్నం పన్నెండింటికి, ఎండలో, ఎల్‌సి తీసుకుని, కొత్త సీసాలో కొత్త నీళ్లు పోసి కొట్టాను. చుక్కలు దండలోంచి తెగి పడ్డ పూసల్లా దొర్లాయి. ఒకటో తరగతి. ప్రకాశం కింద నిలబడి చూస్తున్నాడు. నేను కిందికి దిగి, “పూత బాగుందండి” అని డీఈ గారికి చెప్పాను. ఇక ఆ అబ్బాయి గండం గడిచిందనుకున్నాను.

డీఈ గారు తలూపారు. “మంచిది. ఇన్సులేటర్ బాగుందని తేలింది. మరి బాగున్న ఇన్సులేటర్ మీద లైను ఎందుకు పోతోంది? ప్యానెల్ దగ్గర చెయ్యేదో తప్పు చేస్తోంది” అని ప్రకాశం వైపు చూశారు.

ఇన్సులేటర్ చెడితే తుడవనందుకు ప్రకాశం తప్పు. బాగుంటే ప్యానెల్ ముట్టుకున్నందుకు ప్రకాశం తప్పు. కోటయ్య నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, “ఆ పింగాణీకేం మేడం గారండీ, ఎట్టయినా అది పాసే” అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. రెండుసార్లూ లైను ఆపే చూశాను. ట్రిప్పయ్యేది లైను నడిచేటప్పుడు. ప్రకాశం సంజాయిషీలో ‘కరెంటు ఉన్నప్పుడు’ అని స్పష్టంగా ఉంది. మేమంతా ‘పడుకుంటున్నవి’ దగ్గరే ఆగి నవ్వుకున్నాం.

వోల్టేజ్ ఉండగా చూడాలని డీఈ గారిని అడిగాను.

“చూడండి. ఎల్‌సి తీసుకోండి.”

“ఎల్‌సి తీసుకుంటే వోల్టేజ్ ఉండదండి.”

“అయితే ఎల్‌సి తిరిగిచ్చేశాక చూడండి.”

“ఇచ్చేశాక దగ్గరికి పోకూడదండి.”

“అయితే దూరం నుంచి చూడండి. చూడొద్దని ఎవరన్నారు?”

దూరం నుంచే చూస్తున్న మనిషి ఒకడు అప్పటికే ఉన్నాడు. ప్రకాశం పెనుగంచిప్రోలు తిరునాళ్లలో కూతురికి కొన్న బొమ్మ దుర్భిణీతో, కంట్రోల్ రూం వరండాలోంచి ఆ శీతాకాలమంతా ఇన్సులేటర్లనే చూశాడు. ఎదురుగా సూర్యుడొస్తాడు కాబట్టి చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయట. అతను చెప్పింది సాక్ష్యం కాదు, ఎందుకంటే మెమో అందుకున్న మనిషి సాక్షి కాలేడు.

నేనేదైనా చూపించగలిగితే బల్ల మీదే చూపించాలి. వారం రోజులు ఇంట్లో కుస్తీ పట్టాను. ఒక స్టీలు పళ్లెం బోర్లించి, దాని మీద వంటింట్లో గిన్నెలకి చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం ముడతల్లేకుండా అతికించాను. పైన సిలికాన్ గ్రీజు వేలితో పూసీ పూయనట్టు పూశాను. దాని మీద ఉప్పునీటి చుక్క. చుక్కలోకి పైనుంచి ఒక సన్న సూది. ఇక వోల్టేజ్‌కి మా మెగ్గర్ ఉంది. మెగ్గర్ అంటే చేత్తో హ్యాండిల్ తిప్పితే ఐదొందల వోల్టులు పుట్టించే పెట్టె. తీగల నాణ్యం చూడ్డానికి వాడతాం. ఒక తీగ సూదికి, ఒకటి పళ్లేనికి. హ్యాండిల్ తిప్పాను.

చుక్క పడుకుంది.

బఠాణీ గింజలా ఉన్నది బొట్టుబిళ్లలా అయింది. తిప్పడం ఆపి, తీగలు రెండూ ఒకసారి తాకించి మిగిలిన చార్జి పోగొడితే, లేచి కూర్చుంది. ప్రకాశం రాసిన మాటలకి ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఇందులో మాయ లేదు. ప్లాస్టిక్ అడ్డుంది కాబట్టి కరెంటు పారదు, చుక్క వేడెక్కదు. కానీ వోల్టేజ్ పెట్టగానే చుక్క అడుగున ఒక రకం చార్జి, పళ్లెంలో దానికి ఎదురు రకం చార్జి చేరతాయి. అవి రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడుకి చుక్క అంచు బయటికి జరిగి, చుక్క వెడల్పవుతుంది. వోల్టేజ్ పెంచేకొద్దీ ఇంకా పరుచుకుంటుంది, ఒక హద్దు దాకా. ఆ హద్దు దాటితే ఎంత పెంచినా పరుచుకోదు, అడ్డున్న పొరకి చిల్లు పడుతుంది. ఇది శాస్త్రం చదివిన వాళ్లకి పాత సంగతేనట. పెద్ద చదువుల పుస్తకాల్లో ఉంటుందట. నాకు మాత్రం పళ్లెం మీదే తెలిసింది. ఆ రాత్రి అన్నం ముందు మామూలు కంటే కొంచెం ఎక్కువసేపే కళ్లు మూసుకున్నాను.

క్రిస్మస్ అయిన రెండో రోజు సబ్‌స్టేషన్‌లోనే విచారణ. డీఈ గారి పై అధికారి ఎస్ఈ గారు వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. మొదట నన్నే పిలిచారు. సీసా సంగతి మొత్తం చెప్పాను. “మొదటి రిపోర్టు తప్పని రాసిస్తారా? మీ సర్వీసు రిజిస్టర్‌లో హెచ్చరిక పడుతుంది” అన్నారు. రాసిచ్చాను. పడింది కూడా. ఇన్నేళ్ల సర్వీసులో నా మీదున్న ఒకే ఒక్క హెచ్చరిక అది. న్యాయమైనదే.

తర్వాత పళ్లెం, చుక్క, మెగ్గర్ బల్ల మీద పెట్టాను. హ్యాండిల్ మీద చెయ్యి వేశానో లేదో డీఈ గారు ఆపారు. సబ్‌స్టేషన్ ఆవరణలో ఏ పరికరానికి వోల్టేజ్ ఇచ్చినా టెస్ట్ పర్మిట్ ఉండాలి. అది నిజమే, రూలుంది. కోటయ్య ఫారం తెచ్చి నింపడం మొదలెట్టాడు.

“పరికరం పేరు ఏం రాయమంటారండీ?”

“నీటి చుక్క” అన్నారు డీఈ గారు.

“సామర్థ్యం?”

కోటయ్య ‘ఒకటి’ అని రాశాడు. తయారైన సంవత్సరం దగ్గర ‘ప్రస్తుత సంవత్సరం’ అని రాశాడు. నేను సంతకం పెట్టాను, ఆపరేటర్ హోదాలో ప్రకాశం పెట్టాడు, డీఈ గారు రెండు చోట్ల పెట్టి తేదీ వేశారు. స్టాంపు కోసం పక్క గదికి మనిషి వెళ్లొచ్చాడు. అంతా అయ్యాక చూస్తే పళ్లెం మీద చుక్క లేదు. ఆరిపోయింది. ఉప్పు మరక మిగిలింది.

నేను సిరంజితో ఇంకో చుక్క వేశాను.

“పర్మిట్ ఆ చుక్కకండీ. ఇది వేరే పరికరం” అన్నారు డీఈ గారు. హాస్యానికి కాదు. ఆయన మొహంలో హాస్యం లేదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్‌కి తీసుకున్న పర్మిట్ మీద ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకుంటే మనుషులు పోతారు. ఆ రూలు అలాంటి చావుల్లోంచి పుట్టింది. ఆయన దాన్ని చుక్క దాకా తీసుకొచ్చారు, అంతే.

రెండో ఫారం మొదలైంది. కోటయ్య త్వరత్వరగా రాస్తున్నాడు, ప్రకాశం చుక్క ఆరకుండా ఫ్యాను ఆపేశాడు. అయినా స్టాంపు వచ్చేసరికి అదీ సగమైంది. పరికరం సామర్థ్యం ఇప్పుడు ‘ఒకటి’ అనొచ్చా అని కోటయ్యకి అనుమానం వచ్చింది.

ఎస్ఈ గారు అంతవరకూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు. “పర్మిట్ పళ్లేనికి రాయండయ్యా. పళ్లెం ఆరిపోదు కదా” అన్నారు.

పళ్లేనికి పర్మిట్ వచ్చింది. హ్యాండిల్ ఎస్ఈ గారే తిప్పారు. చుక్క పడుకుంది. ఆపారు, నేను తీగలు తాకించాను, లేచింది. మళ్లీ తిప్పారు. ఆయన టీ చల్లారిపోయేదాకా తిప్పుతూనే ఉన్నారు. చివరికి ప్రకాశం సంజాయిషీ తెప్పించుకుని ఆ వాక్యం ఒకసారి, పక్కనున్న ఎర్ర అక్షరాలు ఒకసారి చదివి, కాగితాన్ని డీఈ గారి వైపు జరిపారు.

డీఈ గారు అడగాల్సిందే అడిగారు. పళ్లెం మీద ఐదొందల వోల్టుల చుక్కకీ, ఇన్సులేటర్ మీద ముప్పై మూడు వేల వోల్టుల చుక్కకీ పోలికేంటని. సరైన ప్రశ్న. వోల్టేజ్‌కి చుక్క ఆకారం మారుతుందని మాత్రమే ఇది చూపిస్తుందనీ, ఆ ఇన్సులేటర్ మీద ఏం జరుగుతోందో నేను చూడలేదనీ ఒప్పుకున్నాను.

“అయితే రేపు పొద్దున్న చూద్దాం” అన్నారు ఎస్ఈ గారు.

“రేపు నేనే ప్యానెల్ దగ్గర కూర్చుంటానండి” అన్నారు డీఈ గారు. “ఇతని చెయ్యి దూరంగా ఉంటే ట్రిప్పే ఉండదు.” ఆ మాట లాగ్ బుక్కులో కూడా రాశారు. రేపటి మొదటి షిఫ్ట్ ఇన్‌చార్జి, రంగనాథం, డీఈ.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి జగ్గయ్యపేట మంచులో సరిగా కనపడ్డం లేదు. వరండాలో నేను, ప్రకాశం, ఎస్ఈ గారు. లోపల కుర్చీలో డీఈ గారు, రెండు చేతులూ కట్టుకుని. ప్రకాశం దుర్భిణీ ఎస్ఈ గారికిచ్చాడు. గులాబి రంగు ప్లాస్టిక్, మెడకేసుకునే తాడుకి సీతాకోకచిలుక బొమ్మ.

పొగమంచు కొంచెం విడిపోయి, ఇన్సులేటర్ల వెనక నుంచి ఎండ తగిలింది. ఇన్సులేటర్లు చిటపటమంటున్నాయి.

“మధ్యదాని కింద అంచు చూడండి సార్” అన్నాడు ప్రకాశం. “ఇప్పుడు నిలబడే ఉన్నాయండి. కొంచెం లావెక్కనివ్వండి. పెద్దవయ్యేకొద్దీ తట్టుకోలేవండి.”

ఎస్ఈ గారు దుర్భిణీ ఆ అంచు వైపు తిప్పారు. “సాగుతున్నాయయ్యా” అన్నారు.

“ఆఁ, పడుకుంటున్నాయండి. ఇక పక్కదాన్ని అందుకుంటాయి. ఒకటి... ఆ రెండోది కూడా కలిసిపోయిందండి...”

నీలంగా ఒక మెరుపు. వెంటనే లైనులో కరెంటు తెంచే బ్రేకర్ ధడ్‌మంది. కంట్రోల్ రూంలో గంట మోగింది. లోపలికి పరుగెత్తేసరికి డీఈ గారు కుర్చీ దూరంగా జరుపుకుని, రెండు చేతులూ పైకెత్తి ఉన్నారు.

“నేనేం ముట్టుకోలేదండి! ప్రమాణం చేస్తా, నేనసలు ముట్టుకోలేదు!”

“ప్రకాశం కూడా ఇన్నాళ్లూ అదే రాశాడు కదండీ” అన్నారు ఎస్ఈ గారు.

రూలు ప్రకారం ట్రిప్పయిన ఇరవై నాలుగు గంటల్లో షిఫ్ట్ ఇన్‌చార్జి రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. రూలు తప్పే మనిషి కాదాయన. ఇచ్చారు. నేను చదివాను. ‘విధి నిర్వహణలో నా లోపమేమియు లేదు. లైనులో వోల్టేజ్ ఉన్న సమయమున మంచు చుక్కలు విస్తరించి ఒకదానితో ఒకటి కలియుట వలన...’ ప్రకాశం రాసిన దాని కంటే మంచి భాష. సంగతి అదే.

ప్రకాశం మీద చర్య అవసరం లేదని రాశారు. జనవరిలో కాంట్రాక్టు మళ్లీ రాశారు. డీఈ గారు అతనికి క్షమాపణ చెప్పలేదు, ఆ ఎర్ర అక్షరాలు కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టారు. దిద్దుబాటుకి రూలు అదే.

ఆ ట్రిప్పులన్నిటికీ చుక్క సాగడమొక్కటే కారణమని నేననను. దుమ్ముంది, చిన్న చిన్న మెరుపులకి పూత తాత్కాలికంగా నీరసపడుతుంది, మధ్యాహ్నానికి ఎండలో మళ్లీ కోలుకుంటుంది. అందుకే మాకు పన్నెండు గంటలప్పుడు ముత్యాలు కనిపించాయి. మందు కొత్త పూత వేయడమే. వేసవిలో వేశారు, ఆ తర్వాతి శీతాకాలం లైను ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. పని ఉత్తర్వు నా దగ్గరికొచ్చినప్పుడు చూశాను. కొత్త పూతకి అనుమతి రావాలంటే పాతది ఐదు కంటే ఎక్కువ తరగతిలో ఉన్నట్టు రిపోర్టు ఉండాలి. సరైన విధంగా చేసిన తనిఖీలో వచ్చింది ఒకటి. కాబట్టి గుమాస్తా ఫైల్లో వెతికి, షాంపూ రిపోర్టు జత చేశాడు. అది తప్పని నేను రాసిచ్చిన కాగితం వేరే ఫైల్లో ఉంది. ఇది మళ్లీ డీఈ గారి దృష్టికి తీసుకెళ్లాను. ఆయన “ఏఈ గారూ, ఆ పూత ఎండిపోయిందండి. ఇప్పుడు దాన్ని గీకెయ్యమంటారా?” అన్నారు. నా తప్పుని కూడా పనికి రానిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నానే గానీ, అది నా గొప్పగా ఎప్పుడూ అనుకోలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి ఇందులోంచి చెప్పగలిగింది రెండు ముక్కలు. పరికరాన్ని పరీక్షించే ముందు, పరీక్షించే సామానుని తెలిసిన వస్తువు మీద పరీక్షించాలి. రెండోది, ఆగి ఉన్నప్పుడు చూసిన వస్తువు గురించి నడుస్తున్నప్పుడు ఎలా ఉంటుందో రాయకూడదు. ఆ జనవరిలో మా తనిఖీ ఫారంలో నేనొక గడి చేర్పించాను: ‘పరిశీలన సమయంలో వోల్టేజ్ ఉన్నదా, లేదా.’ ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద రిటైరయ్యే రోజు దాకా సంతకం పెట్టలేదు.